నెల ఖర్చు చాలక ఇన్‌హేలర్ సగం సగం వాడుతున్నాం. ఏది ఆపొచ్చు, ఏది ఆపకూడదు?

సంతకవిటి కోడలు

అందరికీ నమస్కారమండి. లెక్కలతో సహా రాస్తున్నాను, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మా అత్తయ్యకి 52 ఏళ్లు. ఊపిరి ఊదించే పరీక్ష చేసి ఉబ్బసమని తేల్చి నాలుగేళ్లయింది. చుట్ట, అడ్డపొగ అలవాటు ఎప్పుడూ లేదు. షుగర్ లేదు, బీపీకి రోజూ ఒక మాత్ర. చీటీలో ఉన్నవి: ఫార్మోటెరాల్ 6, బ్యుడెసొనైడ్ 200 పొడి క్యాప్సూల్స్ ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ పంపు. రాత్రికి మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిసిన మాత్ర. పొద్దున్నే గ్యాస్ మాత్ర. దగ్గు సిరప్ నెలకి రెండు సీసాలు.

రాసినవన్నీ కొంటే నెలకి 1,700 అవుతోంది. అందులో పీల్చే మందులవి 650, మిగతా 1,050 మాత్రలకీ సిరప్‌కీ. ఇవి కాక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నెలకి మూడు ఇంజక్షన్లు, ఒక్కోటి 150. అంత పెట్టలేక క్యాప్సూల్స్ 60 బదులు 30 తెస్తున్నాం. బాగున్న రోజు అది కూడా వేసుకోరు, ఆయాసం వస్తేనే వేసుకుంటారు. సాల్బుటమాల్ పంపు మాత్రం నెల తిరిగేసరికి ఖాళీ.

బాబుకి 9 ఏళ్లు. నూర్పుల రోజుల్లో, చలికాలంలో పిల్లికూతలు వస్తాయి. సాల్బుటమాల్ సిరప్ పడుతున్నాం. పంపు, స్పేసర్ (పంపుకీ నోటికీ మధ్య పెట్టే బోలు గొట్టం) కొనమన్నారు గానీ రెండూ ఒకేసారి కుదరలేదు.

అడగాలనుకున్నవి: దేన్ని తగ్గిస్తే ప్రమాదం లేదు? జనరిక్ మందు అంతే పనిచేస్తుందా? స్పేసర్‌కి బదులు ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చా?


నాగావళి గట్టు

కోడలుగారూ, మీ జాబితాలో మీరు కోత పెట్టింది ఒక్కదానికే చూడండి, ఆ క్యాప్సూల్స్‌కి. కోత పెట్టకూడనిది కూడా అదొక్కటే. మిగతావన్నీ డాక్టరుగారిని అడిగి తగ్గించుకోవడానికి వీలున్నవే.

ఉబ్బసంలో రెండు జరుగుతాయి. ఊపిరి గొట్టాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండ బిగుస్తుంది. సాల్బుటమాల్ ఆ కండని నాలుగైదు గంటలపాటు వదులు చేస్తుంది, వాపు జోలికి పోదు. వాపు తగ్గించేది బ్యుడెసొనైడ్. అయితే అది పీల్చిన వెంటనే హాయిగా ఏమీ అనిపించదు, రోజూ పడితే కొన్ని వారాలకి గుణం తెలుస్తుంది. అందుకే చేతిలో డబ్బు లేనప్పుడు ఇళ్లలో మొదట మానేది దాన్నే. అది మానితే వాపు పెరుగుతుంది, పంపు ఎక్కువ కొట్టాల్సి వస్తుంది, చివరికి ఇంజక్షన్. మీ 450 రూపాయల ఇంజక్షన్ ఖర్చు చాలామటుకు తగ్గించిన ఆ 30 క్యాప్సూల్స్ నుంచి పుట్టిందే.

నెలకో సాల్బుటమాల్ పంపు ఖాళీ అవడం మామూలు విషయం కాదమ్మా. 200 పఫ్‌ల (ఒకసారి నొక్కితే ఒక పఫ్) పంపులు ఏడాదికి మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితేనే తీవ్రమైన దాడులు వచ్చే ముప్పు పెరుగుతుందని డాక్టర్లు అనుసరించే జీనా మార్గదర్శకాల్లో ఉంది. ఏడాదికి 12, అంటే మీలాగే నెలకొకటి అయితే ప్రాణం మీదకి వచ్చే ముప్పు పెరుగుతుందని కూడా ఉంది. డబ్బు సంగతి పక్కన పెట్టి అయినా ఈ నెలలోనే డాక్టరుగారికి చూపించాలి. నెలకి పంపులు ఎన్ని, ఇంజక్షన్లు ఎన్ని, క్యాప్సూల్స్ నిజంగా ఎన్ని వేసుకుంటున్నారు, దాచకుండా చెప్పండి. రాసినవన్నీ వాడుతున్నామని అబద్ధం చెప్తే, ఇంకా ఎక్కువ డోసు రాస్తారు, ఖర్చు ఇంకా పెరుగుతుంది.

అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మీ దగ్గరున్న ఫార్మోటెరాల్, బ్యుడెసొనైడ్ మందునే రోజువారీకీ ఆయాసం వచ్చినప్పటికీ వాడే పద్ధతి ఉంది. ఫార్మోటెరాల్ కొన్ని నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది కాబట్టి ఇది కుదురుతుంది. ఉదయం, సాయంత్రం ఒక్కోటి వేసుకుని, మధ్యలో ఆయాసం వస్తే సాల్బుటమాల్ బదులు ఇదే ఇంకొకటి. ఫార్మోటెరాల్ 6, బ్యుడెసొనైడ్ 200 బలం ఉన్నదైతే పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద 12 దాటకూడదు. అంతవరకూ వచ్చిందంటే అది ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు. ఇలాగ వాడితే ఆయాసం వచ్చిన ప్రతిసారీ వాపు తగ్గించే మందు కూడా లోపలికి వెళ్తుంది, రెండో పంపు కొనే పని తగ్గుతుంది. “రెండింటికీ ఇదొక్కటే వాడొచ్చా?” అని అడిగి చీటీ మీద రాయించుకోండి. సాల్మెటెరాల్ ఉన్న మందుతో మాత్రం ఇలా చెయ్యకూడదు, అది నెమ్మదిగా పనిచేస్తుంది. సీరోఫ్లో ఆ రకం, ఫొరాకార్ట్ ఫార్మోటెరాల్ రకం. పేర్లు ఒకేలా వినిపిస్తాయి, చీటీ చూసుకోండి.

ఇక 1,050 సంగతి. దగ్గు సిరప్ ఉబ్బసానికి మందు కాదు. వాపు తగ్గితే ఆ దగ్గు దానంతటదే తగ్గుతుంది. గ్యాస్ మాత్ర ఎందుకు రాశారో, ఇంకా అవసరమేనా అని అడగండి. మాంటెలుకాస్ట్ కొందరికి పనికొస్తుంది గానీ పీల్చే స్టెరాయిడ్‌కి బదులు కాదు. మనసు, నిద్ర మీద దాని దుష్ప్రభావాల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో దానికి గట్టి హెచ్చరిక జతచేసింది. “మూడింట్లో ఏది లేకపోతే నడుస్తుంది సార్, అన్నీ కొనలేకపోతున్నాం” అని మొహమాటం లేకుండా అడగండి.

ఇంకో సంగతి, బీపీ మాత్ర పేరు రాయండి. ఎటెనలాల్, ప్రొప్రనలాల్ లాంటివైతే ఉబ్బసాన్ని అవే రేపగలవు. సొంతంగా ఆపకండి, హఠాత్తుగా మానితే గుండెకి ప్రమాదం. డాక్టరుగారే మార్చాలి. మోకాళ్ల నొప్పులకని షాపులో కొనే డైక్లోఫినాక్, ఆస్పిరిన్ కూడా కొందరికి ఆయాసం తెస్తాయి.


సంతకవిటి కోడలు

చాలా థాంక్సండి. బీపీ మాత్ర ఆమ్లోడిపిన్. నొప్పి మాత్రలు వాడరు. ఆ ఇంజక్షన్‌లో ఏముంటుందో ఎవరూ చెప్పలేదు, వేసిన గంటకి మాత్రం బాగా తేలికపడుతుంది.


వంశధార వైపు

ఆమ్లోడిపిన్‌తో ఉబ్బసానికి ఇబ్బంది లేదు.

ఊళ్లలో ఆయాసానికి వేసేది ఎక్కువగా డెరిఫిలిన్, డెక్సామెథసోన్ కలిపి. రెండోది స్టెరాయిడ్. పీల్చే స్టెరాయిడ్ మైక్రోగ్రాముల లెక్కలో నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంజక్షన్ మిల్లీగ్రాముల లెక్కలో ఒళ్లంతా పాకుతుంది. నెలకి మూడుసార్లు, అలా నెలల తరబడి పడితే షుగర్, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంట్లో పొర రావడం, మొహం ఉబ్బడం అన్నీ ఉన్నాయి. పంపు వాడితే అలవాటైపోతుందని భయపడి ఇంజక్షన్ చేయించుకునేవాళ్లు మన వైపు ఎక్కువ. భయపడాల్సింది పంపుకి కాదు. ఇన్నాళ్లూ ఇంజక్షన్లు పడ్డాయని డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, షుగర్ ఒకసారి చూయించండి. ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉండొచ్చు కూడా. నీరసం, కళ్లు తిరగడం ఉంటే అదీ చెప్పాలి.

డెరిఫిలిన్ మాత్రలు చవక అని కొందరు దాని మీదే బండి లాగుతారు. అందులోది థియోఫిలిన్ రకం. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. జ్వరానికో విరేచనాలకో సిప్రోఫ్లోక్సాసిన్, ఎరిత్రోమైసిన్ కలిపి వాడితే రక్తంలో దాని మోతాదు పెరిగి వాంతులు, గుండె దడ, ఫిట్స్ దాకా పోవచ్చు.

సాల్బుటమాల్ మాత్రా సిరప్పూ అదే తంతు. ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. 4 మిల్లీగ్రాముల మాత్ర అంటే 40 పఫ్‌ల మందు. బాబుకి పట్టే సిరప్ 5 మిల్లీలీటర్లలో మామూలుగా 2 మిల్లీగ్రాములుంటుంది, అంటే 20 పఫ్‌లు. చేతులు వణకడం, గుండె దడ అందుకే. అంత మందు పొట్టలోకి పోసినా పనిచెయ్యడానికి అరగంట పడుతుంది. స్పేసర్‌తో రెండు పఫ్‌లు నాలుగైదు నిమిషాల్లో పనిచేస్తాయి. పంపు ధర ఒక్కసారి పెట్టాలి గానీ, వందసార్లు వాడుకోవచ్చు.


మందుల బల్ల

జనరిక్ గురించి. జన ఔషధి కేంద్రంలో ఇన్‌హేలర్లూ క్యాప్సూల్సూ ఉంటాయి, బ్రాండుతో పోలిస్తే బాగా తక్కువ. ఊరికే బస్సెక్కి వెళ్లకండి. ఫోన్లో జన ఔషధి సుగమ్ యాప్ వేసుకుంటే దగ్గర్లోని కేంద్రమూ మందు ధరా రెండూ కనిపిస్తాయి. టోల్‌ఫ్రీ 1800 180 8080. కేంద్రానికి ముందే ఫోన్ చేసి “బ్యుడెసొనైడ్ 200, ఫార్మోటెరాల్ 6, పొడి క్యాప్సూల్స్ ఉన్నాయా, ఎన్ని డబ్బాలు” అని అడగండి. ఈ సరుకు ఒక వారం ఉంటుంది, ఒక వారం ఉండదు. లేదంటే తెప్పించమని పేరు రాయించుకోండి. నెలనెలా తీసుకునే మనిషి ఉన్నారని తెలిస్తే తెప్పించి పెడతారు.

చీటీ మీద బ్రాండు పేరు ఒక్కటే ఉంటే అక్కడ ఇబ్బంది. జనరిక్ పేరు, బలం, పరికరం మూడూ పెద్ద అక్షరాల్లో రాయమని డాక్టరుగారిని అడగండి. ఒకే మందు 100, 200, 400 బలాల్లో వస్తుంది. చవకగా ఉందని 100 తెచ్చుకుంటే సగం డోసు వాడినట్టే.

పనిచేస్తుందా అంటే, పీల్చడం సరిగ్గా ఉంటే పనిచేస్తుంది. జనరిక్‌కి మారాక గుణం లేదనేవాళ్ల దగ్గర ఎక్కువసార్లు బయటపడేది పరికరం తేడా. పొడి క్యాప్సూల్‌ని గట్టిగా, వేగంగా లాగాలి. గ్యాస్ పంపుని నెమ్మదిగా నాలుగైదు సెకన్లు లాగాలి. ఒకదాని అలవాటుతో రెండోది వాడితే మందు గొంతులోనే ఆగిపోతుంది. రెండింట్లోనూ లాగాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. అత్తయ్యగారు వాడేది రోటాహేలర్ అయితే క్యాప్సూల్ పారదర్శకంగా ఉన్న కొస కిందకి పెట్టి నొక్కి, అడుగు భాగం ఆగేదాకా తిప్పాలి. ఊపిరి పరికరం లోపలికి వదలకూడదు, నోటి తేమకి పొడి ముద్దకడుతుంది. అయ్యాక తెరిచి చూడండి. పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చాలి. లోపలి రెక్క విరిగితే క్యాప్సూల్ తెరుచుకోదు, సగం మందు చెత్తలోకే పోతుంది. మన వైపు సముద్రపు గాలికి క్యాప్సూల్స్ తొందరగా మెత్తబడతాయి. సీసా మూత బిగించి ఉంచి, వాడే ముందే ఒకటి తియ్యండి. వారానికి సరిపడా తీసి డబ్బీలో పోసుకోవడం మానాలి. వాడాక పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు. అవి వచ్చాయని మందు మానేసి మళ్లీ ఆయాసంతో వచ్చేవాళ్లు ఎందరో.

ధర పోల్చేటప్పుడు డబ్బా ధర చూడకండి, డోసు ధర చూడండి. లెక్క కోసం చెప్తున్నాను: 120 పఫ్‌ల డబ్బా 360 అయితే పఫ్ 3 రూపాయలు. 30 క్యాప్సూల్స్ 150 అయితే ఒక్కోటి 5. రోజుకి ఎన్ని పఫ్‌లు రాశారో, ఎన్ని క్యాప్సూల్స్ రాశారో గుణించి పోల్చాలి. బ్యుడెసొనైడ్, బ్యుడెసొనైడ్ ఫార్మోటెరాల్, సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి, గరిష్ఠ ధర కేంద్రమే నిర్ణయిస్తుంది. ఏటా ఏప్రిల్ 1న మారుతుంది. ఫార్మా సహీ దామ్ యాప్‌లో చూసుకోవచ్చు. బిల్లు తప్పకుండా అడగండి.

సాల్బుటమాల్ డబ్బాలో మిగిలింది ఎంతో ఊపి చూసి చెప్పలేం, నీళ్లలో తేల్చి కూడా చెప్పలేం. 200 అయిపోయాక కూడా గ్యాస్ తుస్‌మంటుంది, మందు ఉండదు. డబ్బా మీద కొన్న తేదీ రాసి, క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోండి.


తోటపల్లి కాలువ

స్పేసర్ ఇంట్లో చేసుకోవచ్చండి. అర లీటరు ప్లాస్టిక్ బాటిల్‌తో చేసినది పిల్లలకి కొన్నదానిలాగే పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది.

గట్టి బాటిల్ తీసుకోండి, మెత్తగా నలిగేది వద్దు. దాని అడుగున పంపు నోటి ఆకారం స్కెచ్ పెన్నుతో గీయండి. పంపు నోరు గుండ్రం కాదు, కోలగా ఉంటుంది. గుండ్రంగా కోస్తే పక్కల నుంచి మందు కారిపోతుంది. గీత కంటే కొంచెం లోపలికే కోసి, కాల్చిన తీగతో అంచు సరిచేస్తూ పంపు బిగుతుగా పట్టేదాకా పెంచండి. ప్లాస్టిక్ పొగ బాబు దగ్గర రాకుండా ఆరుబయట చెయ్యండి. చుట్టూ ప్లాస్టర్ టేపు అంటించండి. గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌కి విద్యుదావేశం పుట్టి మందు గోడలకే అంటుకుపోతుంది. ఇక్కడే ఎక్కువమంది పాడుచేసుకుంటారు. ఆరాక లోపల తుక్కు ఏమీ లేదని చూసుకుని వాడండి.

కొత్త పంపునీ, వారం వాడకుండా ఉన్న పంపునీ రెండుసార్లు గాల్లోకి కొట్టి మొదలుపెట్టాలి. బాబు బాటిల్ మూతిని పెదాలతో గట్టిగా మూసుకోవాలి. పంపు ఊపి, ఒక పఫ్ కొట్టి, నోటితోనే నాలుగైదుసార్లు మామూలుగా ఊపిరి తీసుకుని వదలమనండి. మళ్లీ ఊపి రెండోది. రెండూ ఒకేసారి కొడితే మందు బొట్టు బొట్టుగా కలిసి గోడలకి అంటుకుంటుంది. వారానికోసారి పై ప్లాస్టిక్ తొడుగుని కడగండి, లోహపు డబ్బాని నీళ్లలో పెట్టకండి.

గట్టి ఆయాసం వస్తే ఇదే స్పేసర్‌తో ఒక్కొక్కటిగా 4 నుంచి 10 పఫ్‌లు ఇచ్చి, అవసరమైతే 20 నిమిషాలకోసారి చొప్పున మొదటి గంటలో మళ్లీ ఇవ్వొచ్చు. నెబ్యులైజర్ మిషన్ కొనలేదని బాధపడొద్దు, మామూలు దాడికి స్పేసర్ దానికి తీసిపోదు. బాబుకి ఎన్ని పఫ్‌లో డాక్టరుగారి చేత కాగితం మీద రాయించి గోడకి అంటించండి. మాట పూర్తిగా అనలేకపోవడం, పక్కటెముకల మధ్య లోపలికి గుంజడం, పెదాలు నీలంగా మారడం, మగత, వీటిల్లో ఏది కనిపించినా వెంటనే 108. వచ్చేదాకా పఫ్‌లు ఇస్తూనే ఉండండి.

చలికాలమంతా పిల్లికూతలు వస్తున్నాయంటే బాబుకి కూడా రోజువారీ మందు అవసరమేమో చూడాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, అంటే బడికొచ్చి పిల్లల్ని చూసే ఆరోగ్య బృందం పరీక్షించే జబ్బుల్లో ఇదీ ఉంది. హెడ్మాస్టరుగారికి చెప్పి వాళ్ల చేత జిల్లా కేంద్రానికి సిఫార్సు రాయించుకోండి.


రాజాం రోడ్డు

డబ్బు పెట్టకుండా దొరికే దారులు చెప్తాను.

విజయనగరం, శ్రీకాకుళం రెండు చోట్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరుగారికి చూపించి చీటీ రాయించుకుంటే, వాళ్ల ఫార్మసీలో ఉన్నవి ఉచితం. తీవ్రమైతే విశాఖలో ఛాతీ ఆసుపత్రి ఉంది. ఆధార్, పాత చీటీలు, ఖాళీ డబ్బాలు పట్టుకెళ్లండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి మీకూ అత్తయ్యగారికీ ఛార్జీ బాధ లేదు.

ప్రతి నెలా అంతదూరం తిరగలేరు కదా. ఆ చీటీ తీసుకెళ్లి మీ పీహెచ్‌సీ డాక్టరుగారికి చూపించండి. నోటితో “పంపు ఉందా” అంటే “లేదు” అనే మాటతో అయిపోతుంది. పేరు, మందు, నెలకి ఎన్ని కావాలో కాగితం మీద రాసిచ్చి వచ్చే ఇండెంట్‌లో, అంటే కావాల్సిన మందుల కోసం వాళ్లు పైకి పంపే జాబితాలో పెట్టమనండి. ఊళ్లో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉబ్బసం వాళ్లుంటే అందరి పేర్లూ కలిపి రాయండి. ఆశా కార్యకర్తకి ఆ పేర్లన్నీ తెలుసు. ఆసుపత్రి అభివృద్ధి నిధులతో కొని ఇచ్చే వీలుందేమో అడగండి. అయినా రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. అర్జీలో “వైద్యం అందడం లేదు” అని రాయకండి, మందు పేరూ అడిగిన తేదీలూ రాయండి.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. నెలనెలా ఇన్‌హేలర్ దాని మీద వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇంట్లో ఎవరైనా జూట్ మిల్లులోనో, పైడిభీమవరం కంపెనీల్లోనో, కాంట్రాక్టు మీద అయినా సరే పనిచేస్తున్నారా? జీతం నెలకి 21,000 లోపు అయితే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా వర్తిస్తుంది. జీతం చీటీలో 0.75 శాతం కోత ఉందేమో చూడండి. కోత ఉంటే ఇంట్లోవాళ్లకి కూడా వైద్యమూ మందులూ ఉచితం. ఆధారపడినవాళ్ల జాబితాలో అమ్మ పేరు ఎక్కించకపోవడం వల్ల వదిలేసుకుంటున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇంకొకటి, పొయ్యి. కట్టెల పొగ ఉన్న వంటింట్లో ఏ మందైనా సగమే పనిచేస్తుంది. దీపం పథకం రెండో విడత, 2024 నవంబర్‌లో మన ఇచ్ఛాపురం వైపు ఈదుపురంలోనే మొదలుపెట్టారు, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. చాలా ఇళ్లలో గ్యాస్‌ని టీకి దాచి అన్నం కట్టెల మీద వండుతారు. ఆ పద్ధతిని తిరగెయ్యండి, అత్తయ్యగారు కట్టెల పొయ్యి దగ్గర కూర్చోకూడదు. దోమల చక్రం మాని దోమతెర కట్టండి. నూర్పుల రోజుల్లో ముక్కుకి తడిగుడ్డ.


సంతకవిటి కోడలు

అందరికీ చేతులెత్తి నమస్కారాలు. మా ఆయన జూట్ మిల్లులో కాంట్రాక్టు మీదే, జీతం 14,000. చీటీలో కోత ఉంది, ఈఎస్‌ఐ అంటే ఏటో తెలీక ఎప్పుడూ అడగలేదు. అత్తయ్య పేరు ఎక్కించడానికి ఏం కావాలి? అది అయ్యేలోపు ఈ నెల చేతిలో 400 ఉన్నాయి, ఏం కొనమంటారు?


రాజాం రోడ్డు

అత్తయ్యగారి ఆధార్, ఫొటో పట్టుకుని ముందు మీ ఆయన కాంట్రాక్టర్ ఆఫీసులో ఈఎస్‌ఐ బీమా నంబరు అడగమనండి. ఆ నంబరు మీద కుటుంబసభ్యుల పేర్లు చేర్చమని రాసివ్వాలి. అత్తయ్యగారికి వేరే ఆదాయం లేదని, మీ మీదే ఆధారపడ్డారని చూపించాల్సి ఉంటుంది. మీదీ బాబుదీ పేర్లు ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. కార్డు మీద ఏ డిస్పెన్సరీ రాసుంటే అక్కడికే వెళ్లాలి.


నాగావళి గట్టు

400కి ముందు క్యాప్సూల్స్. జన ఔషధిలో దొరికితే 60కి అడగండి, చాలకపోతే వచ్చినన్ని. పూటకొకటి, బాగున్న రోజు కూడా. సిరప్, గ్యాస్ మాత్ర ఈ నెల వద్దు. చేతిలో ఉన్న సాల్బుటమాల్ పంపు పారెయ్యకండి, డాక్టరుగారు కొత్త పద్ధతి రాసేదాకా ఆయాసానికి అదే. బాటిల్ స్పేసర్ ఈ ఆదివారమే చేసెయ్యండి. పంపు వాడేటప్పుడు అత్తయ్యగారికి కూడా పనికొస్తుంది, పంపు నోట్లో పెట్టి నొక్కడంలో పొరపాటు చేసేవాళ్లకి మందు వృథా పోదు. మూడు నెలలు ఆయాసం లేకుండా గడిస్తే అప్పుడు డాక్టరుగారే డోసు పావో సగమో తగ్గిస్తారు. ఈసారి కోత అలాగ రావాలి. డాక్టరుగారి దగ్గరికి వెళ్లొచ్చాక చీటీలో ఏం రాశారో ఇక్కడ పెట్టండమ్మా.